బాక్సింగ్‌లో 1707 శాతం: రెండు కిలోబైట్ల ఆట, ఒక పెద్ద అంకె

2015 ఫిబ్రవరిలో గూగుల్‌కు చెందిన కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. పాత అటారీ 2600 వీడియో గేములను ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ తనంతట తానే ఆడుతూ నేర్చుకున్న తీరు అందులో ఉంది. మొత్తం 49 ఆటలు, ఒక్కోదాని ఎదుట ఒక శాతం. ఆ పట్టికలో పైనుంచి రెండో పేరు బాక్సింగ్, దాని ఎదుట అంకె 1707. మనిషి స్థాయి 100 అనుకుంటే యంత్రం 1707 దగ్గర ఉందన్నమాట. చూడగానే తోచే అర్థం ‘మనిషికన్నా 17 రెట్లు మెరుగు’ అని. కానీ రెండు నిమిషాల్లో ముగిసే, ఒకే ఒక్క బటన్ ఉన్న ఆటలో 17 రెట్లు మెరుగు కావడం ఎలా కుదురుతుంది? కుదిరితే, పోటీకి పెట్టిన ఆ మనిషి ఎంత ఆడినట్టు?

క్లుప్తంగా

బాక్సింగ్ 1980లో యాక్టివిజన్ సంస్థ అటారీ 2600 కోసం తెచ్చిన ఆట. ఆ యంత్రంలోని చిప్ ఇద్దరు ఆటగాళ్లను మాత్రమే తేలిగ్గా చూపగలదు కాబట్టి ముష్టియుద్ధంలో చాలా భాగం పోయి దూరం, కోణం, పాయింటు మాత్రం మిగిలాయి. ప్రతి పంచ్‌కూ వెంటనే పాయింటు పడే ఆ అమరికే నేర్చుకునే ప్రోగ్రామ్‌కు అనుకూలించింది. 1707 అనేది కొట్టిన పంచ్‌ల లెక్క కాదు. మనిషి సాధించిన చాలా చిన్న ఆధిక్యంతో భాగించడం వల్ల అంతగా ఉబ్బిన అంకె.

రెండు బొమ్మలు, రెండు తూటాలు, ఒక బంతి

అటారీ 2600 అమెరికాలో 1977 సెప్టెంబరులో మార్కెట్‌లోకి వచ్చింది. అప్పట్లో దాని పేరు వీడియో కంప్యూటర్ సిస్టమ్, ధర 200 డాలర్ల లోపు. టీవీకి తగిలించి, కార్ట్రిడ్జ్ మార్చి మార్చి ఆడుకునే యంత్రం అది. తొంభైలలో మన ఊళ్లలో ‘కేసెట్’ అని పిలిచింది ఈ కార్ట్రిడ్జ్‌నే. కాకపోతే మన దగ్గర ఎక్కువగా తిరిగినవి తర్వాతి తరం జపాన్ యంత్రానికి నకళ్లు, అటారీవి కావు.

ఇందులో ప్రోగ్రామ్ పని చేసుకోవడానికి ఉన్న మెమరీ 128 బైట్లు. ఇవాళ ఫోన్‌లో తెలుగులో టైప్ చేస్తే ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ, ప్రతి పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ఆ లెక్కన 128 బైట్లలో పట్టేవి 42 గుర్తులు. శుభలేఖలో ఒక వాక్యం కూడా ఇమడదు. ఎవరు ఎక్కడున్నారు, స్కోరు ఎంత, గడియారంలో ఎంత మిగిలింది అన్న సంగతులన్నీ ఆ చోటులోనే సర్దుకోవాలి.

అంత తక్కువ మెమరీలో తెర మీది బొమ్మను మొత్తంగా దాచడం అసాధ్యం. అందుకని ఈ యంత్రం బొమ్మను దాచుకోదు, ఎప్పటికప్పుడు గీస్తూ పోతుంది. పాత టీవీలో ఎలక్ట్రాన్ల పుంజం పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా తెరను నింపుతుంది. పుంజం ఒక్కో గీతను దాటే లోపల అటారీ ప్రాసెసర్‌కు దొరికేది 76 చక్రాల (ప్రాసెసర్ గడియారపు టిక్కుల) సమయం. అతి చిన్న ఆదేశానికి కూడా రెండు చక్రాలు పడతాయి కనుక ఒక గీతకు మహా అయితే 38 ఆదేశాలు. ఆ వ్యవధిలోనే ఈ గీత మీద ఏముండాలో బొమ్మను గీసే టీఐఏ అనే చిప్‌కు చెప్పేయాలి. ఆలస్యమైతే పుంజం ఆగదు, బొమ్మే చెదురుతుంది. ఎవరు గెలుస్తున్నారు, పంచ్ తగిలిందా లేదా వంటి ఆలోచనంతా తెరకు పైనా కిందా కనబడకుండా పోయే గీతల సమయంలో ముగించుకోవాలి.

టీఐఏ తనంతట తాను చూపగలిగిన కదిలే వస్తువులు ఐదే. ఎనిమిది చుక్కల వెడల్పున్న ఆటగాళ్లు ఇద్దరు, వాళ్లకు చెరో తూటా, అందరికీ కలిపి ఒక బంతి. ఒక గీతలో ఒక్కో ఆటగాడికి ఒకే రంగు. ఇవి కాక గోడలూ సరిహద్దులూ గీయడానికి ‘ప్లేఫీల్డ్’ అనే నేపథ్యం ఉంది, అదీ తెరలో సగానికే. రెండో సగంలో అదే మళ్లీ వస్తుంది, లేదా అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది.

ఐదే ఎందుకు అన్నదానికి జవాబు అంతకుముందు నాణేలు వేసి ఆడే యంత్రాల్లో బాగా నడిచిన ఆటల్లో ఉంది. పాంగ్‌లో రెండు బ్యాట్లు, ఒక బంతి. ట్యాంకుల ఆటలో రెండు ట్యాంకులు, రెండు తూటాలు. ఆ రెంటినీ ఇంటికి తేవడమే చిప్ చేసినవారి ముందున్న పని. ఇదే యంత్రంలో తర్వాత ఏళ్ల తరబడి వందల ఆటలు వస్తాయన్న ఊహతో దాన్ని రూపొందించలేదు.

జట్టు ఆట ఆడించబోతే

ఈ చిప్ మీద ఏ క్రీడ తేలికో, ఏది కష్టమో ఇక్కడే తేలిపోతుంది. టెన్నిస్‌కు ఇద్దరు మనుషులు, ఒక బంతి చాలు. అటారీ 1978లో తెచ్చిన బాస్కెట్‌బాల్‌లో జట్టుకు ఒక్కరే. బేస్‌బాల్‌కు ఫీల్డింగ్ వైపే తొమ్మిది మంది కావాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌కు జట్టుకు పదకొండు మంది.

బాక్సింగ్ రాసిన బాబ్ వైట్‌హెడ్ అంతకుముందు అటారీలో ఉద్యోగిగా ఈ రెండు కష్టమైన ఆటలకూ ప్రోగ్రాములు రాశాడు. 1978 నాటి బేస్‌బాల్ ఆట హోమ్ రన్‌లో తొమ్మిది మందికి బదులు చిన్న గుంపు ఉంటుంది, ఆ గుంపంతా కలిసి ఒకేలా కదులుతుంది. ఇది చిప్ ఇచ్చిన ఒక వెసులుబాటు ఛాయ. ఒక ఆటగాడి బొమ్మను అదే గీత మీద రెండో మూడో నకళ్లుగా చూపమంటే టీఐఏ చూపుతుంది, అయితే అన్నీ ఒకే ఆకారంలో, మారని ఎడంతో, కలిసే కదులుతాయి. 1979 నాటి ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ల బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి. ఒక ఫ్రేములో (తెర మీద ఒకసారి గీసే పూర్తి బొమ్మలో) కొందరిని, మరుసటి ఫ్రేములో మిగతావారిని చూపి, అందరూ ఉన్నట్టు కంటిని నమ్మించడానికి చేసిన ప్రయత్నం అది. కన్ను సగమే నమ్ముతుంది.

పోటీదారుకు ఇది చక్కగా దొరికిన బలహీనత. మాటెల్ సంస్థ 1980లో అమెరికా అంతటా విడుదల చేసిన ఇంటెలివిజన్ అనే గేమ్ యంత్రంలో కదిలే వస్తువులు ఎనిమిది. దాని బేస్‌బాల్ ఆటలో పూర్తి జట్టు మైదానంలో కనబడేది. రచయిత జార్జ్ ప్లింప్టన్ టీవీ ప్రకటనల్లో రెండు యంత్రాల బేస్‌బాల్‌ను పక్కపక్కన పెట్టి చూపించాడు. వేరే వివరణ అవసరం లేకపోయింది. 1982లో అటారీ ‘రియల్ స్పోర్ట్స్’ పేరుతో క్రీడల వరసను కొత్తగా తేవాల్సి వచ్చింది. అంతవరకూ ఉన్న వాటిలో లోపించిందేమిటో ఆ పేరే ఒప్పుకుంటోంది.

నలుగురు బయటకొచ్చి పెట్టిన కంపెనీ

1979లో వైట్‌హెడ్, డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, లారీ కాప్లన్ అటారీ వదిలేశారు. తాము రాసిన ఆటలు కోట్ల డాలర్లకు అమ్ముడవుతుంటే తమకు మామూలు జీతమే తప్ప డబ్బా మీద పేరు కూడా లేకపోవడమే అసంతృప్తికి కారణమని తర్వాత చెప్పారు. వ్యాపార నిర్వాహకుడు జిమ్ లెవీతో కలిసి వాళ్లు పెట్టిన యాక్టివిజన్, ఇంకొకరి యంత్రానికి ఆటలు తయారుచేసి అమ్మిన మొదటి స్వతంత్ర సంస్థ. అటారీ కోర్టుకెళ్లింది, 1982లో రాజీ కుదిరింది. 1980లో యాక్టివిజన్ తొలి విడతగా తెచ్చిన నాలుగు ఆటల్లో ఒకటి బాక్సింగ్. ఈసారి రాసినవారి పేరు కొనేవారికి కనబడేలా వేశారు.

పైనుంచి చూసిన రింగ్

బాక్సింగ్ కోడ్ మొత్తం రెండు కిలోబైట్లు, అంటే ఈ వ్యాసంలో ఒక మోస్తరు పేరా తెలుగులో తీసుకునే చోటు. తెర మీద రింగ్‌ను కప్పు మీదనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఒక తెల్ల బాక్సర్, ఒక నల్ల బాక్సర్. ఒక్కొక్కరికి తల, రెండు గ్లౌజులు, అంతే.

ఈ పైచూపే ఆటలో అసలు తెలివి. పక్కనుంచి చూపాలంటే కాళ్లు, మొండెం, చేతులు, వాటి కదలికలు అన్నీ ఎనిమిది చుక్కల వెడల్పులో గీయాలి. అంత చిన్న బొమ్మలో ఏ చెయ్యి ఎక్కడుందో పోల్చుకోవడమే కష్టం. పైనుంచి చూస్తే కాళ్లు కనబడవు, కాబట్టి గీయనక్కర్లేదు. ఒక్కో బాక్సర్‌కు ఒకే రంగు సరిపోతుంది. ఎడమ సగం, కుడి సగం ఒకేలా ఉండే రింగ్, సగమే గీయగల ప్లేఫీల్డ్‌కు అతికినట్టు సరిపోయే ఆకారం. ఆటగాళ్లు ఇద్దరే కనుక మిణుకు లేదు.

నియమాలు అంతకన్నా తక్కువ. ఒక్కటే రౌండు, రెండు నిమిషాలు. జాయ్‌స్టిక్‌తో కదలాలి, బటన్ నొక్కితే పంచ్. కుడిచెయ్యా ఎడమచెయ్యా అన్నది ఎదుటివాడు ఎటువైపున్నాడో చూసి ప్రోగ్రామే నిర్ణయిస్తుంది. దూరంనుంచి తగిలితే 1 పాయింటు, దగ్గరనుంచి తగిలితే 2. ఎవరైనా 100కు చేరితే నాకౌట్, ఆట అక్కడితో సరి. లేకపోతే రెండు నిమిషాలు అయ్యాక ఎక్కువ ఉన్నవారు గెలిచినట్టు.

పోయినవి చాలా ఉన్నాయి. పొట్ట మీది దెబ్బలు లేవు. అలసట లేదు, పడిపోవడం లేదు, పది లెక్కపెట్టే రిఫరీ లేడు. ‘నాకౌట్’ అనే మాట ఉంది కానీ అది దెబ్బ బలంతో వచ్చేది కాదు, కూడికతో వచ్చేది. ముష్టియుద్ధం నుంచి మిగిలింది దూరం అంచనా, పక్కకు జరిగే కోణం. ఆ రెండూ మాత్రం నిజంగా మిగిలాయి. ఇద్దరు మనుషులు ఆడుకుంటే ఎప్పుడు దగ్గరకు వెళ్లాలి, ఎప్పుడు తప్పుకోవాలి అన్న టెన్షన్ ఇప్పటికీ పనిచేస్తుంది. ఏడేళ్ల తర్వాత, 1987లో అటారీ ఇదే యంత్రానికి రియల్ స్పోర్ట్స్ బాక్సింగ్ తెచ్చి బాక్సర్లను పక్కనుంచి చూపింది. బొమ్మ మెరుగైంది. ఇప్పటికీ ఎక్కువగా తలుచుకునేది మాత్రం 1980 నాటిదాన్నే.

1707 ఎక్కడిది

2013లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆర్కేడ్ లెర్నింగ్ ఎన్విరాన్‌మెంట్ అనే వేదికను ప్రకటించారు. అటారీ 2600ను కంప్యూటర్‌లో అనుకరించే స్టెల్లా అనే సాఫ్ట్‌వేర్ దీనికి ఆధారం. నేర్చుకునే ప్రోగ్రాములను ఒకే రకమైన పరీక్షలతో పోల్చడం ఉద్దేశం. ఆ పరీక్షల్లో బాక్సింగ్ కూడా చేరింది.

ఇక్కడ గమనించాల్సిన మొదటి సంగతి ఏమిటంటే, ఈ వేదికలో బాక్సింగ్ స్కోరు అంటే కొట్టిన పాయింట్లు కావు. తన పాయింట్ల లోంచి ఎదుటివాడి పాయింట్లు తీసేయగా మిగిలిన తేడా. 60 కొట్టి 56 తింటే స్కోరు 4.

డీప్‌మైండ్ పత్రంలో మూడు సగటులు ఉన్నాయి. ఇష్టమొచ్చినట్టు బటన్లు నొక్కితే వచ్చేది 0.1. ఆటలు పరీక్షించడమే వృత్తిగా ఉన్న ఒక మనిషికి, ఒక్కో ఆటకు సుమారు రెండు గంటల సాధన తర్వాత వచ్చింది 4.3. యంత్రానికి వచ్చింది 71.8. శాతం కట్టే పద్ధతి తేలికే. యంత్రం స్కోరు లోంచి గుడ్డి ఆట స్కోరు తీసేస్తే 71.7. మనిషి స్కోరు లోంచి తీసేస్తే 4.2. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 17.07, అదే 1707 శాతం.

అంటే ఆ మనిషి చేతకాక ఓడిపోలేదు. కంప్యూటర్ బాక్సర్ మీద సగటున నాలుగు పాయింట్ల తేడాతో గెలిచాడు. హోరాహోరీగా సాగే పోటీలో తేడా చిన్నదిగానే ఉంటుంది. భాగహారంలో కింద ఉండే అంకె ఎంత చిన్నదైతే పైకి వచ్చేది అంత పెద్దది. తర్వాతి పరిశోధన పత్రాల్లో చాలావరకు మనిషి సగటుగా 12.1ను వాడారు. అదే యంత్రం, అదే 71.8, కింద మాత్రం 4.2కు బదులు 12 (12.1 లోంచి 0.1 తీసేయగా వచ్చేది) పెట్టి చూస్తే వచ్చేది 597.5 శాతం. యంత్రం ఒక్క పంచ్ కూడా తక్కువ కొట్టకుండానే ‘17 రెట్లు’ కాస్తా ‘6 రెట్లు’ అయిపోయింది. పైగా స్కోరుకు 100 అనే పైకప్పు ఉంది. మనిషి సగటు 12.1 అయితే ఏ యంత్రమైనా గరిష్ఠంగా సాధించగలిగేది సుమారు 832 శాతమే.

యంత్రానికి ఇది ఎందుకు తేలిక

అంకె ఉబ్బినదే అయినా 71.8 నిజమైన విజయమే. దానికి కారణాలు ఆట నిర్మాణంలోనే ఉన్నాయి.

ప్రోగ్రామ్‌కు నియమాలు ఎవరూ చెప్పలేదు. తెర మీది చుక్కలు, మారే స్కోరు, జాయ్‌స్టిక్ కదలికలు మాత్రమే ఇచ్చారు. ఏం చేస్తే స్కోరు పెరుగుతుందో కోట్ల ఫ్రేముల పాటు తప్పులు చేస్తూ తెలుసుకుంది. ఒక్కో ఆటకు సుమారు 38 రోజుల పాటు ఆపకుండా ఆడినంత అనుభవం. ఇలా నేర్చుకునేదానికి కావలసింది చేసిన పనికి వెంటనే ఫలితం. బాక్సింగ్‌లో గుడ్డిగా బటన్ నొక్కినా అప్పుడప్పుడు పంచ్ తగులుతుంది, తగిలిన క్షణంలోనే పాయింటు పడుతుంది. దీనికి పూర్తి విరుద్ధం మాంటెజుమాస్ రివెంజ్ అనే ఆట. అందులో నిచ్చెనలు దిగి, పుర్రెను దాటి, తాళంచెవి అందుకుంటే తప్ప మొదటి పాయింటు రాదు. అదే పత్రంలో అదే ప్రోగ్రామ్‌కు అక్కడ వచ్చింది సున్నా.

క్రీడల్లోనే పోల్చాలంటే ఐస్ హాకీ ఉంది. అలన్ మిల్లర్ 1981లో యాక్టివిజన్‌కే రాసిన ఈ ఆటలో జట్టుకు ఇద్దరు. రెండు నిమిషాల్లో పదుల కొద్దీ పంచ్‌లు తగిలే ఆట కాదిది, గోల్ ఎప్పుడో ఒకటి పడుతుంది. గోల్‌కు ముందు పక్‌ను (బంతికి బదులు వాడే బిళ్లను) లాక్కోవడం, పాస్ ఇవ్వడం వంటి చాలా పనులకు పాయింటు లేదు. డీప్‌మైండ్ ప్రోగ్రామ్‌కు ఇక్కడ వచ్చింది 79 శాతం, మనిషికన్నా తక్కువ. చిప్ అదే, కంపెనీ అదే, నేర్చుకున్న పద్ధతీ అదే. తేడా అంతా పాయింటు ఎంత తరచుగా, ఎంత త్వరగా వస్తుందన్న దగ్గరే.

రెండో కారణం ఎదుటివాడు. బాక్సింగ్‌లో కంప్యూటర్ నడిపే బాక్సర్ ఆలోచన కూడా ఆ రెండు కిలోబైట్లలోనే, బొమ్మలూ స్కోరూ పోగా మిగిలిన చోటులో ఇమిడింది. ఆ బాక్సర్‌ను రింగ్ మూలకు నెట్టి, తాళ్లకు ఆనించి, కదలనివ్వకుండా కొడుతూ పోవచ్చని ప్రోగ్రామ్ కనిపెట్టింది. మనిషి ఎదురైతే రెండుసార్లు మూలలో ఇరుక్కున్నాక మూడోసారి అటు వెళ్లడు. కోడ్‌కు ఆ జ్ఞాపకం లేదు.

ఇంకో వింత కూడా ఉంది. శిక్షణ సమయంలో పాయింటు ఎంత పెరిగినా +1గా, ఎంత తగ్గినా −1గా మార్చి ఇచ్చారు. వేలల్లో స్కోరు వచ్చే ఆటలకూ ఒకట్లలో వచ్చే ఆటలకూ ఒకే అమరిక పనిచేయాలన్నది దీని ఉద్దేశం. దాంతో బాక్సింగ్‌లో దూరపు పంచ్‌కూ దగ్గరి పంచ్‌కూ ఉన్న తేడా, అంటే ఆటలో ఉన్న ఏకైక సూక్ష్మం, నేర్చుకునే ప్రోగ్రామ్ దాకా చేరలేదు. రెండు పాయింట్ల విలువ తెలియకుండానే అది 71.8కు చేరింది.

నిజం రింగులోనూ లెక్కపెట్టి చూశారు

పంచ్‌లు లెక్కపెట్టి విజేతను తేల్చడం వీడియో గేముల సౌకర్యం మాత్రమే అనుకోనక్కర్లేదు. ఒలింపిక్స్ కూడా ఇరవై ఏళ్లు అదే చేసింది. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్‌లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ 86 పంచ్‌లు కొట్టి 32 తిన్నాడని విడిగా లెక్క తేలినా, న్యాయనిర్ణేతలు 3–2 తేడాతో కొరియా బాక్సర్‌ను గెలిపించారు. ఆ గొడవ తర్వాత 1992 బార్సిలోనా నుంచి కంప్యూటర్ స్కోరింగ్ వచ్చింది. ఐదుగురు జడ్జీల ముందు బటన్లు. కనీసం ముగ్గురు ఒక్క సెకను లోపల నొక్కితేనే పాయింటు.

2008 బీజింగ్‌లో విజేందర్ సింగ్ క్వార్టర్ ఫైనల్ 9–4తో గెలిచి, సెమీఫైనల్ 5–8తో ఓడి కాంస్యంతో తిరిగొచ్చాడు. ఆ అంకెలు అలా నమోదైన పంచ్‌లు. ఈ పద్ధతి మీద వచ్చిన ప్రధాన విమర్శ, బాక్సర్లు జడ్జీల కంటికి స్పష్టంగా పడే దెబ్బలకే ఆటను మలుచుకున్నారని, దగ్గరినుంచి వరసగా కొట్టేవీ పొట్ట మీదివీ లెక్కలోకి రాకుండా పోయాయని. 1980 నాటి ఆటలో చిప్ తీసేసిన భాగాన్నే ఇక్కడ బటన్ తీసేసింది. 2013లో ఆ లెక్కింపును వదిలేసి, ప్రతి రౌండుకూ జడ్జీలు పది పాయింట్ల పద్ధతిలో మార్కులు వేసే విధానానికి మారారు. 2022 మే నెలలో ఇస్తాంబుల్ ప్రపంచ పోటీల ఫైనల్‌లో నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 5–0తో గెలిచింది. ఆ ఐదు పంచ్‌లు కావు, ఐదుగురు జడ్జీలూ ఆమె వైపే ఉన్నారని అర్థం. 2008 నాటి 5–8 పక్కన దీన్ని పెట్టి పోల్చడం కుదరదు.

ఇప్పుడు ఈ ఆట పరీక్షగా ఎంతవరకు పనికొస్తుంది

2015 తర్వాత పరిశోధకులు రెండు దిక్కుల్లో కదిలారు. ఒకటి, పరీక్షను కాస్త కఠినం చేయడం. అటారీ యంత్రంలో యాదృచ్ఛికతకు విడిగా ఏర్పాటు లేదు. ఒకే క్షణంలో ఒకే కదలిక ఇస్తే అనుకరణ సాఫ్ట్‌వేర్‌లో ప్రతిసారీ ఒకే ఫలితం వస్తుంది. అలాంటి చోట ఆడటం నేర్చుకోకుండా కదలికల వరసను బట్టీ పట్టినా నెగ్గవచ్చు. అందుకని 2018 నుంచి, నాలుగోవంతు సందర్భాల్లో నేర్చుకునే ప్రోగ్రామ్ కొత్తగా చెప్పిన కదలికను పట్టించుకోకుండా పాతదే మళ్లీ జరిగేలా మార్చిన రూపాన్ని సిఫార్సు చేస్తున్నారు. చెమటపట్టిన చేతిలో జాయ్‌స్టిక్ జారినట్టన్నమాట.

రెండోది, శాతాల సగటును నమ్మడం తగ్గించడం. 49 ఆటల సగటు తీస్తే బాక్సింగ్ లాంటి ఒకటి రెండు ఆటలే దాన్ని పైకి లాగేస్తాయి, ఐస్ హాకీ 79, మాంటెజుమా సున్నా ఆ వెనక దాక్కుంటాయి. ఆటలను వరసగా పేర్చి మధ్యలో ఉన్నదాన్ని చూడటం, లేదా మనిషిని దాటలేని ఆటలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం ఇంతకన్నా నిజాయితీ గల పద్ధతులు. 2020లో డీప్‌మైండ్ ప్రకటించిన ఏజెంట్57 అనే ప్రోగ్రామ్ విషయంలో చెప్పుకున్న మాట కూడా ఈ రెండో రకమే. పెంచిన జాబితాలోని 57 ఆటల్లోనూ అది మనిషి సగటును దాటింది.

బాక్సింగ్ వరకైతే ఇక కొలవడానికి మిగిలింది స్వల్పం. తర్వాతి తరం ప్రోగ్రాములు ఇందులో 100కు దాదాపు చేరిపోయాయి. అంటే ఎదుటివాడికి పాయింటు పడనివ్వకుండా, గడియారం ఆగేలోపే నాకౌట్ చేస్తున్నాయన్నమాట. వాటిలో ఏది మెరుగో ఈ ఆట చెప్పలేదు, 1980లో రాసిన నియమం ప్రకారం 100 పడగానే రింగ్‌లో ఆట ఆగిపోతుంది.